నీలం డ్రమ్ము

"ఎక్కు యగోదా, సిగ్గెందుకు, ఎక్కు!"

సంత జరిగే శనివారాల్లో మా షాపు యజమాని స్లావ్‌కో నోట ఈ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడిపోయాయి. అక్టోబరు వస్తే చాలు, లోపలున్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములన్నీ వీధి మీదికి చేరతాయి. అందులో ఒకదాన్ని బోర్లించి, నన్ను దానిమీద నిలబెట్టి, ఆగిన వాళ్ళందరికీ చూపిస్తాడు. "చూశారా, మా యగోదనే మోస్తోంది! ఎనభై కిలోలు! మీ క్యాబేజీ దీనికో లెక్కా?" అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వు కూడా జీతంలో భాగమే అనుకుంటాను. నా బరువు ఎప్పుడూ డెబ్బై దాటలేదు. డ్రమ్ము ధర పెరిగినప్పుడల్లా ఆయన నా బరువు కూడా పెంచుకుంటూ వస్తున్నాడు, అంతే. దిగేటప్పుడు లంగా సర్దుకుంటుంటే ఎవడో ఒకడు చెయ్యి అందిస్తానంటాడు. అక్కర్లేదని చెప్పి దూకేస్తాను.

పదకొండేళ్ళుగా డ్రమ్ములూ, మూతల డబ్బాలూ, టబ్బులూ అమ్ముతున్నాను. ఈ పనిలో నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఆగస్టులో మగవాళ్ళు వచ్చి ఈ డ్రమ్ము కొంటారు, ప్లమ్ పళ్ళు మురగబెట్టి రాకియా సారా కాచుకోవడానికి. ధర అడగరు. మూత గట్టిగా పడుతోందా లేదా చూసుకుని, భుజాన వేసుకుని పోతారు. అక్టోబరులో అదే డ్రమ్ము కోసం ఆడవాళ్ళు వస్తారు, చలికాలానికి క్యాబేజీ ఊరవెయ్యడానికి. తట్టి చూస్తారు, తిప్పి చూస్తారు, తిండి పెట్టుకోవచ్చునని చెప్పే గ్లాసూ ఫోర్కూ బొమ్మ అడుగున ఉందా అని వేలితో తడుముతారు. ధర వినగానే పక్కకెళ్ళి ఇంటికి ఫోన్ చేస్తారు. "నాలుగు వేల ఎనిమిది వందల దినార్లట," అని గొంతు తగ్గించి చెబుతారు. అవతలి నుంచి ఏం వినిపించిందో వాళ్ళ మొహాలే చెబుతాయి. రాకియా అంటే సరుకు, నలుగురిలో పేరు. క్యాబేజీ అంటే ఇంటి తిండి. ఇంటి తిండికి డబ్బు పెట్టి డ్రమ్ము కొనడమేమిటన్నది వాళ్ళ మొగుళ్ళ ప్రశ్న. నేనొక్కదాన్నే ఫోన్ చెయ్యకుండా కొన్నాను, ఎందుకంటే అడిగితే ఏమంటాడో నాకు ముందే తెలుసు.

మా పాత డ్రమ్ము పోయిన చలికి పగిలింది. షాపులో పనిచేసేవాళ్ళకి ఏడాదికొకటి తగ్గింపు ధరకి ఇస్తారు. వేసవంతా బస్సెక్కకుండా నడిచి ఆ డబ్బు మిగిల్చాను. తెల్లటి డ్రమ్ము, కింద కుళాయి, ఎర్రటి మూత. ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పాను. పిల్ల పుట్టినప్పుడు కూడా అంత మురిసిపోలేదేమో అని నాకే నవ్వొచ్చింది. సెప్టెంబరులో ఒకరోజు పనినుంచి వచ్చి చూస్తే దుప్పటి కింద పడి ఉంది, డ్రమ్ము నిండా నలిగిన ప్లమ్ పళ్ళు బుడగలు వేస్తున్నాయి. మా ఆయన జివాన్ చేతులు కడుక్కుంటూ, "భలే డ్రమ్ము తెచ్చావే. నీ చెయ్యి మంచిది," అన్నాడు. మెచ్చుకున్నాడు కాబట్టి నేను గొడవ పెట్టుకోకూడదని ఆ మాట అర్థం. మా అత్తగారు స్తానా గుమ్మంలో నిలబడి తల ఊపింది. "మొగుడికి పనికొచ్చిందిగా, ఇంకేం కావాలే నీకు?"

నాకు కావలసింది ఇంకో డ్రమ్ము. "దానికేం, నేను చూస్తాగా," అన్నాడు జివాన్.

చూశాడు. అక్టోబరు మొదట్లో అతని స్నేహితుడు మిలేటా వ్యాను మా వాకిట్లో ఆగింది. మిలేటా ఎగువనున్న ఆపిల్ తోటల గోదాములో పనిచేస్తాడు. ఇద్దరూ కలిసి ఓ నీలం డ్రమ్ము దింపారు. పెద్దది, మందమైనది, కింద కుళాయి ఉన్నది, కొత్తదంటే నా జీతంలో సగం పోయేంత రకం. బదులుగా మిలేటా పట్టుకెళ్ళింది ఒక సీసా రాకియా. "ఉత్తపుణ్యానికి వచ్చింది!" అని జివాన్ దాన్ని గుర్రాన్ని చరిచినట్టు చరిచాడు. నేను మూత తీసి తల లోపల పెట్టాను. లోపల తడి లేదు, మరక లేదు. వాసన కూడా ముక్కుకి తగల్లేదు. గొంతు వెనకాల ఎక్కడో ఒక చేదు వచ్చి కూర్చుంది, మాత్ర నీళ్ళు లేకుండా మింగినట్టు. పక్కన అంటించిన కాగితాన్ని ఎవరో కత్తితో శుభ్రంగా గీకేశారు.

"ఇందులో ఏముండేది?" అన్నాను.

"ఆపిల్ జ్యూసు. నీళ్ళు కలుపుకునే చిక్కటి జ్యూసు," అన్నాడు మిలేటా, వ్యాను ఎక్కుతూ.

"జ్యూసైతే తియ్యటి వాసన ఉండాలిగా. ఈ కాగితం ఎందుకు గీకేశారు?"

"అమ్మా, ఇటు రా! మనింటికి పోలీసులొచ్చారు!" అని జివాన్ వాళ్ళమ్మని కేకేశాడు. వ్యాను వెళ్ళిపోయింది. అత్తగారు వచ్చి డ్రమ్ములోకి తొంగి చూసి, ముక్కు ఎగబీల్చి, పెదవి విరిచింది. "నాకేం రావట్లేదు వాసన. మా కాలంలో చెక్క పీపాలు. ఓసారి అందులో ఎలుక పడి చచ్చింది. తీసి పారేసి తిన్నాం. ఎవరం పోయాం?"

"అయితే నాది నాకిచ్చెయ్యి జివాన్. నీ పళ్ళు ఇందులోకి పోసుకో. జ్యూసు డ్రమ్మేగా, పళ్ళకి పళ్ళ వాసన."

అతను తలెత్తకుండా, ఆలోచించకుండా జవాబిచ్చాడు. "పిచ్చిదానివా? రాకియాకి వాసన పట్టేస్తుంది. నలుగురు తాగేది!"

ఆ మాట నాకు ఆ పూట కోపం తెప్పించలేదు, నవ్వు తెప్పించింది. షాపులో మర్నాడు స్లావ్‌కోకి కూడా చెప్పి నవ్వాను. స్లావ్‌కో నవ్వకుండా, "ఆ నీలం డ్రమ్ములా? తోటలవాళ్ళ దగ్గర బోలెడు. జనం చెట్లకి నీళ్ళు పట్టుకోవడానికి కొంటారు," అన్నాడు. "క్యాబేజీకి కూడానా?" అన్నాను. "క్యాబేజీకి నీకు కొత్తది కావాలంటే పూర్తి ధర. తగ్గింపు ఏడాదికి ఒక్కటే," అని లోపలికి పోయాడు. ఇంట్లో పూర్తి ధర మాట ఎత్తితే జివాన్ చెంచా కంచంలో పడేశాడు. "డ్రమ్ము మీద డ్రమ్ము! షాపులో కూర్చుని షాపు సరుకే కొనుక్కొస్తే ఇంక జీతం దేనికి? ఊరికే వచ్చినదానికి వంకలు పెడతావు. ముక్కు నీకొక్కదానికే ఉందా?"

మూడు ముక్కులకి ఎదురుగా ఒక ముక్కు ఏం నిలుస్తుంది. కడిగాను. మరిగే నీళ్ళు పోసి కడిగాను, సోడా వేసి కడిగాను, పొయ్యిలో బూడిదతో తోమాను, వెనిగర్ పోసి ఒక రాత్రంతా ఉంచాను. తలా భుజాలూ డ్రమ్ములో దూర్చి తోముతుంటే నా ఊపిరి నాకే పెద్దగా వినిపించేది. బయటికి వచ్చాక కళ్ళు మండేవి. ఎండలో బోర్లించి పెట్టాను. సాయంత్రం మళ్ళీ తల పెట్టాను. చేదు తగ్గింది, పోలేదు. లేక పోయిందేమో, నేనే గుర్తుంచుకుని పట్టుకొస్తున్నానేమో. ఇంట్లో అందరూ ఒకే మాట చెబుతుంటే మనిషికి తన ముక్కు మీద తనకే నమ్మకం పోతుందని అప్పుడే తెలిసింది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఇలా నా చెయ్యీ, నా నోరూ, నా లెక్కా ఒక్కొక్కటీ నావి కాకుండా పోయాయి. ముక్కొక్కటే మిగిలింది అప్పటికి.

ఆదివారం క్యాబేజీ వచ్చింది. జివాన్ బస్తాలు దించి, తన వంతు అయిపోయిందని అరుగు మీద కూర్చున్నాడు. ఒక్కొక్క క్యాబేజీకి కాడ కోసి గుంట చెయ్యాలి, ఆ గుంటలో ఉప్పు కూరాలి, గుంట పైకి ఉండేలా వరసగా పేర్చాలి. మధ్యమధ్య ఘాటుకి గుర్రపుముల్లంగి దుంప ముక్కలు వెయ్యాలి. నా తొమ్మిదేళ్ళ కూతురు తియానా పక్కనే కూర్చుని నేను కోసి పారేసిన కాడలన్నీ పరపరా నమిలింది. నిండాక చెక్క పలకలు అడ్డం వేసి, మొరావా నది ఒడ్డునుంచి తెచ్చిన గుండ్రాయి పైన పెట్టి, నీళ్ళు పోశాను. సాయంత్రానికి వేళ్ళ సందుల్లో కోసుకున్న చోటల్లా ఉప్పు మండింది. తర్వాతి పని కూడా నాదే. మూడు నాలుగు రోజులకోసారి కింద కుళాయి విప్పి ఊటని బకెట్లోకి వదిలి మళ్ళీ పైనుంచి పొయ్యాలి. లేకపోతే అడుగున కుళ్ళుతుంది. షెడ్డులో చలికి చేతులు మొద్దుబారేవి. ఇవన్నీ ఎవరూ పని అనరు. "క్యాబేజీ చూసొచ్చావా?" అంటారు, చుట్టాన్ని చూసి రావడంలాగా.

వారం గడిచినా నురగ రాలేదు. మామూలుగా అయితే నాలుగో రోజుకే షెడ్డు తలుపు తియ్యగానే ఆ పుల్లటి కంపు మొహం మీద కొడుతుంది, ఈగలు ముసురుతాయి. ఈసారి ఊట అద్దంలా కదలకుండా ఉంది. ఈగ ఒక్కటీ లేదు. "అత్తయ్యా, ఇది ఊరడం లేదు," అన్నాను. ఆవిడ వచ్చి చూసి, వేలు ముంచి, ఆ వేలిని ఏప్రానుకి తుడుచుకుంది. డాక్టరు ఉప్పు మానమన్నాడని నాలిక మీద మాత్రం పెట్టుకోలేదు. అరుగు మీద జివాన్ వింటుండగా అడిగింది.

"ముట్టులో ఉండి చెయ్యి పెట్టావా?"

"లేదు."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఆడదాని చెయ్యి అప్పుడు తగిలితే క్యాబేజీ చస్తుంది."

"క్యాలెండరు తెచ్చి చూపించమంటారా?"

"నోరు చూడు దీనికి! తప్పు చేసినవాళ్ళకే ఇంత నోరు లేస్తుంది." జివాన్ సిగరెట్టు వెనకాల నవ్వుకున్నాడు. డ్రమ్ము గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుమానమంతా నా ఒంటి మీదికే వచ్చింది.

నాలుగో వారానికి ఎలాగో పులిసింది. అత్తగారు విజయం తనదే అన్నట్టు చూసింది. రేకులు మాత్రం బంగారు రంగుకి తిరగలేదు, బూడిద రంగులో నీరుకారి ఉన్నాయి. తరిగి, ఎర్ర మిరప్పొడీ నూనే చల్లి బల్లమీద పెట్టాను. తియానా మొదటి ముద్దకే కళ్ళు మూసుకుంది. దానికి పులుపంటే ప్రాణం. "నాలిక చిమచిమలాడుతోందమ్మా," అంది, నవ్వుతూ. నేనూ తిన్నాను. నా పెదవులు కూడా చిమచిమలాడాయి. పులుపు ఎక్కువై ఉంటుందన్నాను. జివాన్ తన ముందున్న గిన్నెని బల్ల మధ్యలోకి జరిపాడు. "కడుపులో మంటగా ఉంది ఇవాళ," అన్నాడు. మర్నాడు కూడా మంటే. ఆ తర్వాత రోజు తను పనిచేసే మిల్లులోనే భోజనం అయిపోయిందన్నాడు. చలికాలమంతా క్యాబేజీ లేనిదే ముద్ద దిగని మనిషి. నేను గమనించాను. గమనించి, పాపం కడుపు బాగాలేదేమోనని అతనికి సోంపు టీ కాచి ఇచ్చాను.

తియానాకి సాయంత్రాలు కడుపులో నొప్పి మొదలైంది. నోట్లో చిన్న పొక్కులు లేచాయి. బడినుంచి రాగానే మంచం మీద వాలిపోయేది. "బిస్కెట్లు మాన్పించు," అన్నాడు జివాన్. "క్యాబేజీ మాన్పిస్తాను," అన్నాను, అతని మొహంలోకి చూస్తూ. అతను టీవీ గొంతు పెంచాడు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "క్యాబేజీ మందే! పిల్లకి ఇనుములాంటి బలం," అని, నేను పనికి వెళ్ళగానే దానికి రేకులు తీసి పెట్టేది. తియానా నోరు వాసన చూసి నేను కనిపెట్టేదాన్ని. అడిగితే నాన్నమ్మ ఇచ్చిందనేది. ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉండేవాడు జివాన్, ఫోన్ చూసుకుంటూ.

తర్వాత ఓ రాత్రి జివాన్ మిలేటా ఇంట్లో తాగి వచ్చాడు. మా ప్రాంతంలో తాగిన మర్నాడు పొద్దున మగవాళ్ళ మొదటి మాట 'ఊట'. క్యాబేజీ ఊట ఒక గ్లాసు తాగితే తలనొప్పి దిగిపోతుందంటారు. పెళ్ళయిన మర్నాడు నా మొగుడు నాతో అన్న మొదటి మాట కూడా అదే, ప్రేమ మాట కాదు. ఆ పొద్దున కళ్ళు ఎర్రగా పెట్టుకుని వచ్చి, "పెరుగుందా?" అన్నాడు. నేను పెరుగూ ఇచ్చాను, ఊట గ్లాసూ పక్కన పెట్టాను. పాలగిన్నె కోసం బయటికెళ్ళి వచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంది.

"తాగావా?"

"తాగాను. తగ్గింది."

సింకులో నీళ్ళు పోయే చోట ఓ గుర్రపుముల్లంగి ముక్క తట్టుకుని ఉంది. వంటగదంతా పుల్లగా కొడుతోంది. అతను మీసం తుడుచుకున్నాడు, అందులో ఏమీ లేకపోయినా.

"జివాన్, ఆ డ్రమ్ములో ఏదైనా ఉందా? ఉంటే చెప్పు, నేనేమీ అనను."

"నీకు అనుమానం జబ్బు పట్టుకుంది. డాక్టరుకి చూపించుకో," అని చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు.

నవంబరు ఇరవై ఒకటి మా ఇంటి స్లావా, అంటే ఇలవేల్పు పండగ. దేవదూత మిఖాయిల్ మా ఇంటి దైవం. ఆ రోజు ఎవరినీ పిలవం, పిలవకుండానే అందరూ వస్తారు. రాకపోతే పగ ఉన్నట్టు లెక్క. వచ్చినవాళ్ళకి సార్మా పెట్టాలి, పులిసిన క్యాబేజీ రేకులో మాంసమూ బియ్యమూ చుట్టి రాత్రంతా సన్నసెగ మీద ఉడికించిన పొట్లాలు. సార్మా లేని స్లావా మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. వారం ముందే అన్నాను, బజారులో క్యాబేజీ కొనుక్కొస్తానని. అత్తగారు గుండె మీద చెయ్యేసుకుంది. "ఇంట్లో డ్రమ్ము నిండా ఉండగా స్లావాకి బజారు క్యాబేజీ! నా కోడలికి క్యాబేజీ ఊరవెయ్యడం చేతకాదని ఊరంతా చెప్పుకోవాలా? నన్ను పాతిపెట్టాక కొనుక్కో." జివాన్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉన్నదాంతో కానివ్వు," అన్నాడు. తర్వాత, సంబంధం లేనట్టు, "మిలేటా ఈసారి రాడట. ఏదో పనుందట," అన్నాడు. ఈ పద్నాలుగేళ్ళలో మిలేటా మా స్లావా మానింది లేదు. నేను ఆ రాత్రి చాలాసేపు తియానా పక్కన కూర్చున్నాను, దాని ఊపిరి వింటూ. నాకు భయం పట్టుకుంది. ఎవరి గురించి భయపడాలో మాత్రం ఇంకా తెలియలేదు.

స్లావా పొద్దున ఇల్లంతా మైనం వాసనా సార్మా వాసనా కలిసిపోయింది. పొడుగాటి కొవ్వొత్తి బల్ల మధ్యలో నిలబెట్టి ఉంది. నేను పక్క గదిలోంచి పండుగ రొట్టె పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి, తియానా జడలు వేసుకుని బల్ల దగ్గర కూర్చుని సార్మా తింటోంది. కంచంలో ఇంకొకటి ఉంది. వద్దని నేను నోరు తెరిచేలోగా అత్తగారు చెయ్యి ఎత్తింది. "పండగపూట పిల్లని ఏడిపించకు. నేనూ ఒకటి రుచి చూస్తాను. డాక్టరుదేం పోయింది, ఏడాదికోసారి." మట్టికుండలోంచి ఒక పొట్లం తీసి, ఫోర్కుకి గుచ్చి, ఊదుకుంటోంది.

జివాన్ గుమ్మంలో టై కట్టుకుంటున్నాడు. ఒక్క అంగలో వచ్చాడు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, నువ్వు తినకు!"

"ఒక్కటేరా. ఉప్పు అంత ఏం ఉంటుంది..."

"ఉప్పు కాదమ్మా. వద్దు. నా మాట విను, కింద పెట్టు."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ప్రేమ ఉంది అందులో, నిజమైన భయముంది. నా పద్నాలుగేళ్ళలో నాకోసం ఆ గొంతు ఒక్కసారి కూడా లేవలేదు. అత్తగారు ఫోర్కు కింద పెట్టింది. తియానా నములుతూనే ఉంది, మమ్మల్ని మార్చి మార్చి చూస్తూ. వాళ్ళ నాన్న వాళ్ళమ్మ చెయ్యి ఇంకా వదల్లేదు. కూతురు ఆ పక్క కుర్చీలోనే ఉంది, చెయ్యి చాపితే అందేంత దగ్గర.

"తియానా తింటోంది," అన్నాను.

అతను దానివైపు చూశాడు, చూసి కళ్ళు దించుకున్నాడు. నేనే వెళ్ళి పిల్ల నోట్లో వేలుపెట్టి ముద్ద తీయించాను. కంచం లాగేశాను. "ఏముండేది డ్రమ్ములో?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, మెల్లగా వచ్చింది.

"ముందు నాకూ తెలీదు. మిలేటా తర్వాత చెప్పాడు. తోటల్లో కొట్టే పురుగుమందు. కొద్దిగా... కానీ కడిగాం కదా. నువ్వే కడిగావుగా యగోదా! అంత కడిగాక ఏముంటుంది?"

"ఎప్పుడు చెప్పాడు?"

"క్యాబేజీ వేసిన వారంలోనే." టై ముడి సర్దుకున్నాడు. "అప్పటికే వేసేశావు. అంత డబ్బు పోసి కొన్న క్యాబేజీ. నీకు చెబితే రచ్చ చేస్తావని... ఎవరికీ ఏం కాలేదుగా ఇంతవరకూ. ఒకటి రెండు తింటే ఏమవుతుంది? చూడు, జనం వచ్చే వేళయింది, ఇప్పుడు మొదలెట్టకు."

నేను అత్తగారివైపు చూశాను. ఆవిడైనా ఒక మాట అంటుందని. ఆవిడ తినని నోటిని కూడా రుమాలుతో తుడుచుకుంది. "రేపు మాట్లాడుకోండమ్మాయ్. ఇవాళ ఇంటి దైవం పండగ. వాడి పరువు తియ్యకు," అంది. తర్వాత నా మొహం చూడలేకేమో, "నా రక్తపోటు గురించి వాడికెంత బెంగో," అని గొణిగింది.

ఇంతకాలం నేను అనుకున్నది వేరు. వీళ్ళకి ముక్కు లేదనుకున్నాను, తెలివి తక్కువనుకున్నాను, డబ్బు మీద ఆశ అనుకున్నాను. ఒక్కోసారి నాకే పిచ్చనుకున్నాను. అతనికి తెలుసు. తెలియకముందే తన ప్లమ్ పళ్ళని కాపాడుకున్నాడు, తెలిశాక తన నాలుకని కాపాడుకున్నాడు, ఇవాళ వాళ్ళమ్మని కాపాడుకున్నాడు. మేమిద్దరం తింటుంటే చూస్తూ ఏం అవుతుందో అని ఎదురుచూశాడు. చెడ్డవాడు కాదు జివాన్, పిల్లని ఎత్తుకుని తిప్పిన మనిషే. ఒక్కసారి "నువ్వన్నదే నిజం" అని నాతో అనడం కంటే మేము తినడమే తేలికనిపించింది అతనికి. ఒక భార్య మాటకి ఇంట్లో ఉన్న ధర ఎంతో నాకు తెలిసింది.

పొయ్యి కట్టేశాను. తియానాకి కోటు తొడిగాను. ఖాళీ సీసా తీసుకుని షెడ్డులోకెళ్ళి కుళాయి కింద ఊట పట్టి, బిరడా బిగించి చేతిసంచిలో వేసుకున్నాను. తర్వాత మూత తీసి, గుండ్రాయి కింద పడేసి, భుజం ఆనించి ఆ నీలం డ్రమ్ముని గుమ్మం దాకా నెట్టి బోర్లా తోసేశాను. ఊటంతా వాకిట్లోకి పారింది. క్యాబేజీలు ఒకదాని వెనక ఒకటి దొర్లి, వాలున గేటు దాకా పోయాయి. సార్మా కుండ తెచ్చి వాటి మీద బోర్లించాను. జివాన్ అరుగు మీదికి పరుగెత్తుకొచ్చాడు, సగం కట్టిన టైతో. గేటు దగ్గర మొదటి చుట్టాలు అప్పుడే కారు దిగుతున్నారు, చేతిలో సీసాలూ పువ్వులూ పట్టుకుని.

"ఏం చేశావే! వాళ్ళకి నేనేం చెప్పను?"

"అందులో ఏముందో చెప్పు," అన్నాను. "నీకు తెలుసుగా."

పక్కింటావిడ తన కారులో మమ్మల్ని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారంతా తియానా నా చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో కడుపు పట్టుకుని కూర్చుంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వయసులో చిన్నది. సీసా మూత తీసి వాసన చూసింది. తల వెనక్కి తీసుకుంది, గబుక్కున మూత పెట్టేసి నర్సుని కేకేసింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఇంకో మనిషి ముక్కు నా ముక్కుతో ఏకీభవించింది. నాకు సంతోషం కలగలేదు. పిల్ల నాలిక చూశారు, కళ్ళలోకి దీపం వేసి చూశారు, రక్తం తీశారు. నా రక్తం కూడా తీశారు. ఒంట్లోంచి మందు ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

"ఎన్నాళ్ళుగా తింటున్నారు? ఇంట్లో ఇంకెవరెవరు తిన్నారు?" అంది డాక్టరమ్మ. "వాళ్ళని కూడా వెంటనే పిలిపించాలి."

తియానా మంచం మీద కూర్చుని నావైపే చూస్తోంది. ఇలాంటి వేళ చెప్పాల్సిన జవాబు నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తెలియక తిన్నామండీ, అందరం తిన్నాం. పిల్లకి వాళ్ళ నాన్న మిగలాలంటే ఆ మాటే చెప్పాలి. మా అమ్మ అయితే అదే చెప్పేది, మా అత్తగారు పొద్దున చెప్పింది కూడా దాదాపు అదే. నేను కూతురి చెయ్యి తీసుకున్నాను.

"నేనూ, నా కూతురూ తిన్నాం," అన్నాను, అది వినేలా. "వాళ్ళ నాన్న తినలేదు. ఆయనకి తెలుసు."